రేకుపెట్టెలోని పుట్టినిల్లు

మా ఇంటి అటకమీద నొక రేకుపెట్టె గలదు. మా పెదమామగారు అమెరికాలో వైద్యులై యుండి సెలవులకు వచ్చినపుడు తీసిన నూటనలువది స్లయిడులు అందున్నవి. మాది నాగోలు, మూసీ ఎంతో దూరము లేదు. 2020 అక్టోబరునాటి కుంభవృష్టికి మా వీథి యిండ్లలో మోకాలిబంటి నీరు నిలిచినను అటక కెక్కలేదు గనుక ఆ పెట్టెను తలచినవారే లేరు. నీ రెక్కకున్నను చెమ్మ యెక్కినది. మొన్న దసరాకు బూజు దులుపుచు తెఱచి చూతును గదా, కొన్నింటిపై సాలెగూటివంటి తెల్లని బూజు!

అత్తగారు ఒకదానిని కిటికీ వెలుగునకు పట్టి, "ఇగో, మా అమ్మ!" అనిరి. ఆపై మాటాడలేదు.

ఆమె పుట్టినయూరు అలంపురము దాపున కృష్ణయొడ్డున నుండెడిది. 1981లో శ్రీశైలము జలాశయమున మునిగినది. అచ్చటి కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయి రాయిగా విప్పి అలంపురమునకు తరలించిరి గాని, కాపుర ముండిన యిండ్ల నెవరు తరలింతురు? 1979 సంక్రాంతికి ఆమె పురిటికై పుట్టింట నుండగా, బిడ్డను చూడవచ్చిన పెదమామగారు తీసిన ఆ పదునెనిమిది చిత్రములే ఆ యింటికి మిగిలిన గుర్తు.

తొలుత పది స్లయిడులను దిల్‌సుఖ్‌నగరులో నొక దుకాణమున నిచ్చితిమి. వారిచ్చిన బొమ్మలలో ఆడువారందఱి పైటలును కుడిభుజముపై నున్నవి! స్లయిడును తిరగవేసి పట్టిరన్నమాట. చెప్పినచో, "ఏమైందమ్మా, మొగము కనబడుచున్నది గదా" అనిరి. అంతట ఇంటనే చేయ నిశ్చయించితిని.

సోదరీమణులారా, స్లయిడనగా కాగితపు ఫోటో కాదు. వెలుగు తనగుండా పోవునపుడే రంగులు చూపెడి ఫిల్ముముక్క. 36 మిల్లీమీటర్ల పొడవు, 24 వెడల్పు. మెఱయువైపు మన కెదురుగా నున్నపుడు చిత్రము సరియైన దిశలో నుండును. మెఱుపు తక్కువగా నున్న రెండవవైపున రంగులను మోయు జెలటిను పొర గలదు. బూజు తినునది దానినే. అందుచే నీటితో తుడువరాదు. బూజుతో బాటు బొమ్మయు ఊడి వచ్చును. నోటితో ఊదినను తుంపరలు పడును. రబ్బరు బుడ్డితో గాలి కొట్టి, మెత్తని కుంచెతో దుమ్ము దులిపితిని. బూజున్నవానికి మాత్రము నూటికి తొంబదితొమ్మిది పాళ్ల ఐసోప్రొపైల్ ఆల్కహాలు దూదికి కొంచెము తడిచేసి, అదుమక, పైపైన తాకించితిని. అది పెట్రోలువలె అంటుకొనును గనుక పొయ్యికి దూరముగా కూర్చుండవలయును.

మూతలో దీపమున్న స్కానరును మావారి స్నేహితు లొకరు ఎరువిచ్చిరి. అంగుళమునకు 2400 చుక్కల చొప్పున చదివించినచో ఒక్కొక్క చిత్రమునకు సుమారు 77 లక్షల చుక్కలు వచ్చును. గోడకు వ్రేలాడదీయు పటమునకు చాలును. స్కానరు లేనివారు ఫోనుతెరను తెల్లగా వెలిగించి, దానికి నాలుగంగుళముల ఎత్తున స్లయిడును నిలిపి కెమెరాతో తీయవచ్చును. తెరకు ఆనించినచో దాని చుక్కల వల బొమ్మలో పడును.

మావి కొడాక్రోము ఫిల్ములు. 1935లో వెలువడిన ఈ ఫిల్మును చేయుట 2009లో మానివేసిరి. చీకటిలో నుంచినచో దీని రంగు చాలకాలము చెడదు. అమ్మమ్మగారి యెఱ్ఱ అంచుచీర నేటికిని ఎఱ్ఱగానే యున్నది. అట్టచట్రముపై "మార్చి 1979" అని ముద్రయున్నది గాని, అది ఫిల్మును కడిగిన నెలయే, తీసిన నెల కాదు.

రాత్రి భోజనములైన పిదప రోజునకు పదేసి చేయుదుము. అత్తగారు ప్రక్కన కూర్చుండి పేర్లు చెప్పుదురు. నేను ప్రతిబొమ్మకును అవే పేర్లు తగిలింతును. మన హైదరాబాదులో రాజా దీన్‌దయాళుగారు 1892లోనే స్త్రీలకై ప్రత్యేకముగా జెనానా స్టూడియో తెఱచిరి. ఎంత ముచ్చటగా తీసిన పటమైనను, పేరు వ్రాసి పెట్టనిచో మనుమరాలికి అది ఎవరో ఒక ముసలమ్మ. అత్తగారు మనుష్యులను మాత్రమే కాదు, గాదెను, వేపచెట్టు క్రింది అరుగును, ఈనబోవు గేదెను గూడ గుర్తుపట్టి చెప్పిరి.

అమ్మమ్మగారి బొమ్మలో మొగము దక్కినది గాని, ఒకమూల గడపను బూజు తినివేసినది. ఆ చోటును కంప్యూటరు ఊహించి పూడ్చగలదని మా తమ్ముడు పూడ్చి చూపినాడు. గడప చక్కగా వచ్చినది, పసుపుకుంకుమలతో సహా. అత్తగారు తేఱిపార చూచి, "ఇది మా గడప కాదు" అనిరి. తీసివేయించితిని.

ఇపుడు ప్రతులు మూడు: ఒకటి కంప్యూటరున, ఒకటి విడి డిస్కున, మూడవది వరంగల్లులోని ఆడబిడ్డ యింట, మూసీ మరల పొంగినను అంతదూరము పోదు. మూలములు సిలికా పొట్లములతో బిగుతుమూత స్టీలుడబ్బాలో బీరువా నడిమి యరను చేరినవి.

ఒక్క బొమ్మలో బావిగట్టున నిలిచిన చిన్నదాని పేరు ఎంతకును అత్తగారికి తోచలేదు. ఖాళీగా వదలితిని. నాలుగవనాటి యుదయమున నేను దోసెలు పోయుచుండగా, పూజగదినుండి ఆ పేరు గట్టిగా వినబడినది. పెనము దించి పోయి వ్రాసి వచ్చితిని.