జకార్తాలో కారు కొంటున్నారా? రేటు సంగతి తర్వాత.. ముందు ఈ మూడు చూడండి

మన దగ్గర కారు అనగానే ముందు అడిగేది మైలేజీ ఎంత, ఆన్‌రోడ్ ఎంత పడుతుంది అనే. ఇండోనేషియాలోని జకార్తాలో మాత్రం అంతకంటే ముందు చూడాల్సినవి మూడున్నాయి. నంబర్ ప్లేటులో చివరి అంకె, మీ వీధిలో వాన నీళ్లు ఎంత ఎత్తున నిలుస్తాయి, ఇన్సూరెన్స్ పేపర్లలో వరద అనే మాట ఉందా లేదా. ఉద్యోగం మీద ఫ్యామిలీతో అక్కడికి వెళ్లే తెలుగువాళ్లు షోరూమ్‌లో అడుగుపెట్టే ముందే ఇవి తెలుసుకుంటే మంచిది. స్టీరింగ్ మాత్రం మనలాగే కుడివైపే, ఆ టెన్షన్ లేదు.

ఎటు చూసినా 7 సీట్లే.. ఎందుకు?

జకార్తా రోడ్ల మీద సెడాన్లు తక్కువ, 7 సీట్ల ఎంపీవీలు ఎక్కువ. జనం ఇష్టం ఒక్కటే కాదు, పన్ను కూడా దీనికి కారణం. 1500 సీసీ లోపు ఎంపీవీకి లగ్జరీ ట్యాక్స్ 10 శాతం ఉంటే, అదే సైజు ఇంజిన్ ఉన్న సెడాన్‌కు 30 శాతం వేసేవాళ్లు. 2021 అక్టోబర్ నుంచి బండి వదిలే పొగను బట్టి పన్ను వేస్తున్నారు. కానీ అప్పటికే జనం అలవాటు పడిపోయారు. దీనికి తోడు రంజాన్ పండక్కి అందరూ సొంతూళ్లకు బయల్దేరతారు. సంక్రాంతికి మన విజయవాడ హైవే ఎలా ఉంటుందో ఊహించుకోండి. తాతయ్య, నానమ్మ, పిల్లలు, లగేజీ అంతా ఒకే బండిలో సర్దాలి కదా!

నిజానికి ఈ బండ్లు మనకు కొత్తేం కాదు. 2000లో మన దగ్గరికి వచ్చిన టయోటా క్వాలిస్ అక్కడి కిజాంగ్‌కు ఇండియా వెర్షనే. ఇప్పుడు మన పెనుకొండ నుంచి అటు వెళ్తున్నాయి. ఇండియాలో 5 సీట్లతో అమ్మే కియా సోనెట్‌ను 2021లో ఇండోనేషియా కోసం 7 సీట్లతో తెచ్చారు. అక్కడ 7 సీట్లకు ఉన్న గిరాకీ అలాంటిది మరి.

చివరి అంకెతోనే చిక్కు

2016 నుంచి జకార్తాలోని ముఖ్యమైన రోడ్ల మీద సరి-బేసి రూల్ ఉంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉదయం 6 నుంచి 10, సాయంత్రం 4 నుంచి 9 గంటల మధ్య బేసి తేదీన బేసి నంబర్లు, సరి తేదీన సరి నంబర్లే తిరగాలి. సుదీర్మన్, థమ్రిన్ లాంటి ఆఫీసుల రోడ్లన్నీ ఇందులోనే ఉన్నాయి. కెమెరాకు దొరికితే ఫైన్ 5 లక్షల రుపియా వరకు పడొచ్చు.

అయితే సరి ఒకటి, బేసి ఒకటి రెండు కార్లు కొంటే పోలా అనిపిస్తుంది. దానికీ అక్కడ చెక్ పెట్టారు. 2025 నుంచి వచ్చిన లెక్క ప్రకారం ఏటా కట్టే పన్ను మొదటి కారుకు 2 శాతం, రెండోదానికి 3 శాతం. అలా పెరుగుతూ ఐదో కారుకు 6 శాతానికి చేరుతుంది. మా మాట అడిగితే ఒక్క కారే చాలు. మన నంబర్ కాని రోజున మెట్రో ఎక్కేయడమే. 2019లో మొదలైన ఆ లైన్ సుదీర్మన్ రోడ్డు కిందుగానే వెళ్తుంది.

ఎలక్ట్రిక్ కార్లకు సరి-బేసి వర్తించదు. వాటి ప్లేటు మీద నీలం గీత ఉంటుంది. ఇద్దరే ఉంటే, పార్కింగ్‌లో చార్జింగ్ పెట్టుకునే వీలుంటే, వులింగ్ ఎయిర్ ఈవీ లాంటి బుల్లి కారు బాగానే పనికొస్తుంది. అపార్ట్‌మెంట్‌లో ప్లగ్ లేకపోతే ఆ ఆలోచన మానుకోవడమే బెటర్.

అసలు భయం నీళ్లతోనే

2020 జనవరి 1న కురిసిన వానకు జకార్తాలో వేల కార్లు మునిగాయి. బెజవాడలో 2024 బుడమేరు వరద చూసినవాళ్లకు ఈ బాధ విడిగా చెప్పక్కర్లేదు. అందుకే గ్రౌండ్ క్లియరెన్స్ ఎక్కువగా ఉన్న అవాంజా, ఎక్స్‌పాండర్ లాంటి బండ్లు అక్కడ అంతగా అమ్ముడవుతాయి. స్పీడ్ బ్రేకర్లకూ ఆ ఎత్తు పనికొస్తుంది. వాటిని అక్కడ 'పోలిసి తిదుర్' అంటారు, అంటే నిద్రపోతున్న పోలీసు!

అయితే ఎత్తు ఒక్కటే కాపాడదు. అక్కడి మామూలు ఫుల్ ఇన్సూరెన్స్‌లో వరద నష్టం ఉండదు. అదనంగా కట్టి ఆ కవర్ చేర్పించుకోవాలి. ఇది తెలియక క్లెయిమ్‌కు వెళ్తే అంతే సంగతులు. నీళ్లలో బండి ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయొద్దు. ఇంజిన్‌లోకి నీళ్లు లాగేస్తే లోపలి రాడ్లు వంగిపోతాయి, కవర్ ఉన్నా కంపెనీ పేచీ పెట్టే చాన్స్ ఉంది. తోయించి పక్కన పెట్టి, ఫొటోలు తీసి, టోయింగ్ బండికి ఫోన్ చేయండి.

నలుగురి ఫ్యామిలీకి ఒకే కారు కావాలంటే 1500 సీసీ, ఆటోమేటిక్, వెనక సీట్లకు కూడా ఏసీ ఉన్న ఎంపీవీ చూసుకోవచ్చు. క్లచ్ తొక్కి తొక్కి మోకాళ్లు అరిగే ట్రాఫిక్ అది, మాన్యువల్ జోలికి పోకండి.

సెకండ్ హ్యాండ్ అయితే మెరిసే పెయింట్‌ను చూసి మోసపోవద్దు. సీట్ బెల్ట్‌ను చివరిదాకా లాగండి, లోపలి భాగంలో బురద మరక ఉందేమో చూడండి. స్టెప్నీ కింద చేయి పెట్టి తుప్పు, మట్టి ఉన్నాయేమో తడమండి. అద్దాలన్నీ మూసి పది నిమిషాలు లోపల కూర్చోండి. మగ్గిన వాసన వస్తే ఎంత తగ్గించి ఇస్తామన్నా దిగి వచ్చేయండి.