చీలమండల లోతు న్యాయం

సమాజంలో వ్యవస్థ అంటే ఏమిటో, మార్పు అంటే ఏమిటో తెలుసుకోవడానికి కృష్ణా డెల్టా వాసులమైన మనకు ఇంటి ముందరి పంటకాలువ చాలు.

1855లో విజయవాడ వద్ద కృష్ణపై ఆనకట్ట పూర్తయింది. వానపై ఆధారపడిన సేద్యం కాలువ కింది వరిసాగుగా మారింది. 1952లో పాత ఆనకట్ట దెబ్బతినగా, 1957లో ప్రకాశం బ్యారేజి నిర్మాణం పూర్తయింది. 1997 నాటి చట్టంతో కాలువల నిర్వహణలో రైతుల నీటి సంఘాలకూ భాగం లభించింది. కట్టడం మారింది, పెత్తనం మారింది. మారనిది ఒక్కటే: ఎగువ రైతు తన తూము మూస్తేనే దిగువ రైతు మడి తడుస్తుంది. నీరు తగ్గిన ఏడాది వంతులు తప్పితే నాగాయలంక, కృత్తివెన్ను వంటి శివారు ప్రాంతాల్లో నారు ఎండిపోతుంది.

ఇదే తగాదా మదీనాలోనూ వచ్చింది. మహ్‌జూర్ వాగు విషయంలో, ఎగువ పొలం వారు చీలమండల లోతు వరకు నీరు నిలుపుకొని ఆపై దిగువకు వదలాలని దైవప్రవక్త (స) తీర్పు చెప్పినట్లు హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. ఎగువవారి హక్కును ఆ తీర్పు కాదనలేదు. దానికి హద్దు గీసింది.

స్పెయిన్‌లోని వలెన్సియాలో నేటికీ ప్రతి గురువారం మధ్యాహ్నం, రైతులు ఎన్నుకున్న పెద్దలు ప్రధాన చర్చి ద్వారం వద్ద కూర్చుని కాలువ తగాదాలను నోటిమాటతోనే పరిష్కరిస్తారు. ఆ ఆచారం ముస్లింల పాలనాకాలం నాటిదని అక్కడివారు చెప్పుకుంటారు. రాజ్యం మారినా, మతం మారినా, నీటి పంపకంలో క్రమం నిలిచింది.

ఎగువ, దిగువ అనేవి కాలువకే కాదు, కుటుంబానికీ ఉన్నాయి. నేడు మన ప్రాంతంలో పొలాలు ఇళ్ల స్థలాలవుతున్నాయి, ధరలు పెరుగుతున్నాయి. ఈ మార్పును మనం ఆపలేము, ఆపవలసిన పనీ లేదు. కానీ ధర పెరిగిన కొద్దీ అక్కచెల్లెళ్ల వాటాను మరచిపోతున్న ఇళ్లు మనలోనూ ఉన్నాయి. “పెళ్లికి ఖర్చు పెట్టాం కదా” అంటూ అన్నదమ్ములు నీరంతా తమ మడిలోనే నిలుపుకుంటున్నారు. పెళ్లి ఖర్చు వారసత్వానికి బదులు కాదు. కుమార్తెల వాటాను దివ్య ఖుర్‌ఆన్ నిసా సూరాలో స్వయంగా నిర్ణయించింది. అది సోదరులు దయతలచి ఇచ్చే కానుక కాదు.

సోదరులారా! మన ఇంట దిగువన ఎదురుచూస్తున్నది ఎవరో ఈ రాత్రే ఒకసారి ఆలోచిద్దాం. ఎగువన నిలిచిన మనకు హద్దు తెలిసి వదిలే మనసును అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.