జీరంగి నగరం, నందరాజు కొండ

విశాఖపట్నంలో ఉదయం బయలుదేరిన ప్యాసింజరు రైలు అనంతగిరి సొరంగాలను, అరకు లోయను, కోరాపుట్ పీఠభూమిని దాటి బస్తర్ నేలపై అడుగుపెట్టేసరికి మధ్యాహ్నం దాటిపోయింది. దారి పొడవునా మా రైలు ఆగుతూనే ఉంది. ఆగిన ప్రతిసారీ ఎదుటినుంచి ఎర్రటి ఖనిజం నింపుకొన్న గూడ్సు బండి భారంగా సముద్రం వైపు దిగిపోతున్నది.

నా ఎదుటి సీటులో ఒక వృద్ధురాలు, ఆమె మనుమడు కూర్చున్నారు. వారిది బచేలీ. మూడు తరాలుగా అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబం. ఎనిమిదేళ్ళ ఆ కుర్రవాడు తల్లి సెల్‌ఫోన్‌లో దాచి ఇచ్చిన బొమ్మల చిత్రాన్ని రెప్ప వేయకుండా చూస్తున్నాడు. ఆకాశాన్నంటే మేడలు, వెడల్పాటి వీధులు, ఒక అత్తరు దుకాణం కనిపించాయి.

“ఇది ఏ ఊరు బాబూ?” అని అడిగాను.

“సెలడాన్ సిటీ అంకుల్! పోకెమాన్‌లో ఉంటుంది. నిజం ఊరు కాదు, జపాన్‌లాంటిది. యాష్ అత్తరు బాగోలేదన్నాడని వాణ్ణి లోపలికి రానివ్వలేదు.”

వృద్ధురాలు కిటికీలోంచి చూపు తిప్పకుండా అంది: “జపానా? వీళ్ళ ముత్తాత తవ్విన ఇనుమంతా అక్కడికే పోయింది నాయనా.”

కుర్రవాడు ఆ మాట వినిపించుకోలేదు. అనువాదం నా వృత్తి. ఒక పేరు ఒక భాషలోనుంచి మరొక భాషలోకి వెళ్ళేటప్పుడు దారిలో ఏమి జారిపోతుందో చూడటం నాకు అలవాటు. ఆనాటినుంచి ఆ బొమ్మల నగరం పేరు, ఈ కొండ పేరు నా మనస్సులో జంటగా నిలిచిపోయాయి.

పురుగుల వెంట తిరిగిన బాలుడు

పోకెమాన్ 1996 ఫిబ్రవరిలో జపాన్‌లో వీడియో ఆటగా పుట్టింది. మరుసటి సంవత్సరం ఏప్రిల్‌లో బొమ్మల ధారావాహికగా టెలివిజన్‌కు ఎక్కింది. 2003లో మన దేశానికి వచ్చింది. దాని సృష్టికర్త సతోషి తాజిరి 1965లో జన్మించాడు. టోక్యో పడమటి అంచున ఉన్న మచిదాలో పెరిగాడు. చెరువుల వెంట, పొలాల వెంట పురుగులను పట్టి పోగుచేయడం అతని బాల్యవ్యసనం. తోటి పిల్లలు అతనికి ‘పురుగుల డాక్టరు’ అని పేరు పెట్టారు. నగరం పెరుగుతూ వచ్చింది. చెరువులు పూడిపోయాయి, పొలాలపై ఇళ్ళు లేచాయి, పురుగులు కనుమరుగైనాయి. చిత్రవిచిత్ర ప్రాణులను వెదకి పట్టుకొనే తన చిన్ననాటి ఆనందాన్ని, పొలాలెరుగని పట్టణపు పిల్లలకు అందించాలన్న కోరికనుంచే ఈ ఆట పుట్టింది. ధారావాహికలోని కథానాయకునికి జపాను భాషలో సతోషి అనే పేరు. ఆంగ్లంలో యాష్ అయినాడు.

కథ జరిగే సీమ పేరు కాంటో. టోక్యో ఉన్న అసలు ప్రాంతం పేరు కూడా అదే. ఆటలోని పటాన్ని జపాన్ పటంపై పరిస్తే, సెలడాన్ టోక్యో పడమటి భాగానికి, అంటే షింజుకు పేటకు దగ్గరగా వస్తుంది. షింజుకులో ఒకనాటి నీటి శుద్ధి కేంద్రం మూతపడిన స్థలంలో 1971లో 47 అంతస్తుల హోటలు లేచింది. దాని వెనుక వరుసగా ఆకాశహర్మ్యాలు లేచాయి.

కాంటోలోని ఊళ్ళకు చాలావరకు రంగుల పేర్లు. ఆంగ్లంలో సెలడాన్ అంటే లేత ఆకుపచ్చ పింగాణి రంగు. కాని జపాను మూలంలో ఆ నగరం పేరు తమముషి. తమముషి అంటే రెక్కలపై పచ్చ, బంగారు, ఎరుపు కాంతులు మారుతూ మెరిసే ఒక పురుగు. నారా సమీపాన హోర్యూజి ఆలయంలో ఏడవ శతాబ్దపు చిన్న మందిరమొకటి ఈ పురుగు రెక్కలతోనే అలంకృతమై, దాని పేరుతోనే ప్రసిద్ధి చెందింది. మన పల్లెల్లో పిల్లలు అగ్గిపెట్టెలో పెట్టి పెంచుకొనే జీరంగి ఈ పురుగుకు దగ్గరి చుట్టమే.

పురుగుల నేలను మింగిన మహానగరానికి పురుగు పేరే ఉన్నదన్నమాట. ఆంగ్లానువాదంలో రంగు మిగిలింది, పురుగు ఎగిరిపోయింది.

కొండకు అంకె వేసిన కథ

కిరందుల్ చేరేసరికి చీకటి పడింది. మరునాటి ఉదయం బైలాడిలా కొండలు కనిపించాయి. బైలాడిలా అంటే ఎద్దు మూపురం. దూరంనుంచి చూస్తే ఆ పేరు ఎందుకు వచ్చిందో ఎవరూ చెప్పనక్కరలేదు. 1930ల దశకంలో భూగర్భశాస్త్రవేత్త క్రూక్‌షాంక్ ఈ శ్రేణిని సర్వే చేసి, ఇనుప ఖనిజపు నిక్షేపాలకు 1 నుంచి 14 వరకు అంకెలు వేశాడు.

యుద్ధానంతర జపానుకు ఉక్కు కావాలి, కాని స్వదేశంలో చాలినంత ఇనుప ఖనిజం లేదు. 1960లో కుదిరిన ఒప్పందం ప్రకారం, ఏటా 40 లక్షల టన్నుల బైలాడిలా ఖనిజాన్ని జపాను ఉక్కు కర్మాగారాలకు పంపాలి. దాని కోసమే తూర్పు కనుమలను తొలిచి, కొత్తవలసనుంచి కిరందుల్ వరకు సుమారు 450 కిలోమీటర్ల రైలుమార్గం వేశారు. హైదరాబాదు కేంద్రంగా గల జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ 1968లో 14వ నిక్షేపంలో తవ్వకం మొదలుపెట్టింది. టోక్యోలో 36 అంతస్తుల కసుమిగసెకి భవనం పూర్తయినది కూడా ఆ సంవత్సరమే. 1977లో 5వ నిక్షేపం తెరుచుకొంది. భారీ ఓడల కోసం విశాఖలో 1976లో బాహ్య నౌకాశ్రయం సిద్ధమైంది.

ఏ టన్ను ఖనిజం ఏ భవనపు దూలమైనదో చెప్పగలవారు లేరు. జపాను కొలిమిలో ఆస్ట్రేలియా ఖనిజం, బ్రెజిల్ ఖనిజం, మన ఖనిజం కలిసి కరిగాయి. అయినా మచిదాలో చెరువులు పూడుతున్న ఆ యేళ్ళలోనే ఇక్కడ కొండ తరుగుతూ వచ్చింది. దంతేవాడలో దంతేశ్వరీ ఆలయం చెంత డంకినితో కలిసే శంఖిని నది ఖనిజపు ధూళితో ఎర్రబారింది. ఒక పసివాని పురుగులు, ఒక అడవి నీళ్ళు ఒకే కాలంలో మారిపోయాయి. ఒకరి సంగతి మరొకరికి తెలియదు.

ఆ కొండకు ఇక్కడివారు పెట్టుకొన్న పేర్లు వేరు. సర్వే పటంలో 13వ నిక్షేపమైన కొండ, ఆదివాసులకు నందరాజు అనే దేవుడు. ఆ దేవుని ఇల్లాలు పిటోడ్ మెట్ట. గోండీలో మెట్ట అంటే కొండ. తెలుగువాడికి ఆ మాట అర్థం చెప్పవలసిన పనిలేదు.

2019 జూన్‌లో వేలాది ఆదివాసులు విల్లంబులతో, బియ్యం మూటలతో, చంటిపిల్లలతో నడిచివచ్చి కిరందుల్‌లో గనుల కార్యాలయం ముందు బైఠాయించారు. 13వ నిక్షేపాన్ని తవ్వరాదన్నది వారి కోరిక. 2014లో హిరోలి గ్రామసభ సమ్మతించినట్లు చూపిన కాగితం నిజమైనది కాదన్నది వారి ఆరోపణ. కొద్ది రోజులకు రాష్ట్ర ప్రభుత్వం పనులు ఆపించి, గ్రామసభపై విచారణకు ఆదేశించింది.

ఆ కాగితంలోని కొండ ఒక అంకె. ఆ జనం మాటలోని కొండ ఒక దేవుడు. ఇది కూడా ఒక అనువాదమే. అంకెలోకి మార్చిన కొండను తవ్వడం తేలిక.

ఇనుము వలదని నేననలేను. నన్ను అక్కడికి చేర్చిన పట్టాలు ఇనుమే. ఆ వృద్ధురాలి ఇంట మూడు తరాలకు అన్నం పెట్టినదీ ఇనుమే. 2023లో జగదల్‌పూర్ సమీపాన నగర్నార్‌లో ఉక్కు కర్మాగారం పని ప్రారంభించింది. బస్తర్ ఖనిజం బస్తర్‌లోనే ఉక్కుగా మారుతున్నది. అది మంచి మార్పే. కాని ఎక్కడ కరిగినా, అది ఏ కొండనుంచి వచ్చిందో, ఆ కొండను ఎవరు ఏమని పిలిచేవారో తెలిసి ఉండటం మన బాధ్యత.

క్రితం సాయంత్రం బచేలీలో రైలు దిగబోతూ ఆ కుర్రవాడు నాకు టాటా చెప్పాడు. “నీ సెలడాన్ సిటీకి అసలు పేరు తెలుసునా? జీరంగి ఊరు,” అన్నాను.

వాడి కళ్ళు పెద్దవైనాయి. “జీరంగి అంటే?”

“బంగారు పురుగురా,” అంది అమ్మమ్మ, వాడి చెయ్యి పట్టుకొని మెట్టు దింపుతూ. “వానలు పడనీ, కొండ వారకు తీసుకువెళ్ళి చూపిస్తాను.”