పాత రికార్డులు – గరగర శబ్దము

1902వ సంవత్సరమున కలకత్తాలో గౌహర్ జాన్ గానమును గ్రామఫోను కంపెనీవారు రికార్డు చేసిరి. అట్టి రికార్డును నేడు వినినచో ముందుగా చెవిని తాకునది గరగర శబ్దము. గానము దాని వెనుక వినవచ్చును. ఆ శబ్దమును తగ్గించి గానమును నిలుపు విధానమును సంగ్రహముగా వివరింతుము.

నిమిషమునకు 78 చుట్లు తిరుగు ఈ రికార్డులను లక్కతో చేసెడివారు. అందు మెత్తని రాతిపొడి కలిపెడివారు. ఆ గరుకుదనము ఉక్కు ముల్లును అరగదీసి గాడికి సరిపడునట్లు చేసెడిది. ఎడతెగని బుస శబ్దమునకు ఆ పొడియే ముఖ్య కారణము. గీతలు పడినచోట టిక్కుమను చప్పుళ్లు, దుమ్ము చేరినచోట చిటపటలు కలుగును.

కావున మొదటి చికిత్స కంప్యూటరుది కాదు. రికార్డును మృదువైన సబ్బునీటితో కడిగి, స్వేదనజలముతో తుడిచి ఆరబెట్టవలెను. ఆల్కహాలు తగులరాదు; అది లక్కను కరిగించును. ముల్లు కూడ తగినదై యుండవలెను. ఎల్.పి. రికార్డు ముల్లు కొన సుమారు 25 మైక్రానులు. 78 రికార్డునకు సుమారు 75 మైక్రానులు కావలెను. సన్నని ముల్లు గాడి అడుగునకు దిగి అచటి మురికినే చదువును.

పిమ్మట ధ్వనిని అంకెలుగా మార్చుదుము. సెకనునకు 96,000 నమూనాలు, 24 బిట్లు మేలు. మొదట టిక్కులను తొలగింపవలెను. చెడిన నమూనాలను విడిచి, ఇరుప్రక్కల తరంగమును బట్టి ఖాళీని పూరింతురు. తరువాత బుస. పాట లేని గాడినుండి బుస నమూనా గ్రహించి, ఏ పౌనఃపున్యమున అది ఎంత గలదో లెక్కించి, రికార్డంతటను ఆ మేరకు తగ్గింతురు. టిక్కులు మిగిలియున్నచో ఈ లెక్క తప్పును.

ఇచటనే ప్రమాదము గలదు. గాయకుని ఊపిరి, సారంగి కమాను ఒరపిడి, ‘స’, ‘ష’ అక్షరముల పలుకు బుసతో కలిసియే యుండును. అత్యాశతో తుడిచినచో అవియు పోవును. నీటిలో పాడినట్లు కృత్రిమధ్వని మిగులును. తొలగించిన భాగమును వేరుగా వినుటయే మంచి పరీక్ష. అందు గాత్రము వినబడినచో హద్దు మీరితిమని గ్రహింపవలెను.

గౌహర్ జాన్ తన రికార్డుల చివర ఆంగ్లమున తన పేరు చెప్పెడిది. పాట ముగిసినదని తోకను కత్తిరించినచో ఆ పేరే పోవును. కావున తుడువని మొదటి ప్రతిని ఎన్నడును చెరుపరాదు. శుభ్రపరచిన ప్రతి వినుటకు. మొదటి ప్రతి రేపటివారికి. మన యిండ్ల అటకలపై గల గజళ్ల రికార్డులకు, నాటక పద్యముల రికార్డులకు ఈ నియమమే వర్తించును.