వాయిదా పంటకు రావాలి, వారానికి కాదు



పోయిన వారం మన గ్రూపులో ఒక అక్క వాయిస్ మెసేజ్ పెట్టింది: "చాకీ పురుగులు తెచ్చిన వారమే వాయిదా అంటే ఎట్ల కట్టేది సార్?"

లెక్క చూడండి. రెండో జ్వరం లేచిన పురుగు ఇంటికొచ్చాక, గూళ్లు రామనగర మార్కెట్‌కు చేరేదానికి మూడు వారాలు పడుతుంది. ఈలోపు ఆకు కోత కూలి, సున్నం, బ్లీచింగ్ అన్నీ చేతి డబ్బే. వారం వాయిదా అప్పయితే గూడు అమ్మకముందే మూడు వాయిదాలు. అవి కట్టేదానికి ఇంకో అప్పు. సున్నపుకట్టు రోగం వచ్చిందా, ఇంక చెప్పేదేముంది!

దీనికి ఒక దారి మన బెంగళూరు సంస్థ మైరాడా దగ్గరే మొదలైంది. 1984-85లో అది పెట్టించిన పెద్ద సహకార సంఘాలు చీలిపోయాయి. కొందరు సభ్యులు వచ్చి, "బాకీ ఆ సంఘానికి కట్టం, మీకైతే కడతాం" అన్నారు. మాకు కాదు, మీరు నమ్మే మీ చిన్న గుంపుకే కట్టండి అంది మైరాడా. 1987లో నాబార్డ్ 10 లక్షలు ఇచ్చింది. 1992లో 500 సంఘాలను బ్యాంకులకు కలిపే పథకం పెట్టింది. ఈరోజు మన ఆడవాళ్ల పొదుపు సంఘాలకు బ్యాంకు అప్పు వచ్చేది ఆ దారిలోనే. ఎవరికెంత, ఎప్పుడు కట్టాలి అనేది సంఘమే తీర్మానిస్తుంది. పంట పోయిన ఇల్లు ఏదో పక్కింటామెకు తెలుసు, ఆఫీసులో కూర్చున్నాయనకు తెలీదు.

మైక్రోఫైనాన్స్ వేధింపులు ముదిరి ఆంధ్రప్రదేశ్ 2010 అక్టోబరులో ఆర్డినెన్స్ తెచ్చింది. వారం వాయిదా వద్దు, నెలకే వసూలు చేయాలంది. కర్ణాటక 2025 ఫిబ్రవరిలో తెచ్చిన ఆర్డినెన్స్‌లో వేధిస్తే పదేళ్ల దాకా జైలు. మంచిదే. కానీ జైలు భయం వాయిదా తేదీని మార్చదు కదా.

తేదీ మార్చేది ఇంకోటుంది. 2022 ఏప్రిల్ నుంచి అమలైన రిజర్వ్ బ్యాంక్ నిబంధనల్లో, అప్పు తీసుకునేవాళ్ల అవసరాన్ని బట్టి వాయిదాల గడువు మార్చే వీలు ఉండేలా ప్రతి సంస్థా విధానం పెట్టుకోవాలని ఉంది. ఇంటి నెల ఆదాయంలో సగానికి మించి వాయిదాలకు పోకూడదనీ ఉంది. ఇది మనకు ఎవరూ వచ్చి చెప్పరు, అడగాలి. సంతకం పెట్టకముందే అడగాలి. పెట్టాక అడిగితే బతిమాలినట్టు ఉంటుంది.

అక్కా, మీ సంఘం తీర్మానం పుస్తకంలో "వాయిదా గూళ్ల అమ్మకం తర్వాత" అని రాయించండి. మిగతావాళ్లు, మీ దగ్గర వాయిదా ఏ రోజు పెట్టారో గ్రూపులో చెప్పండి.