ఆన్‌లైను తరగతిలో నిశ్శబ్దము

తరగతి గదిలో ఉపాధ్యాయుడు ఒక ప్రశ్న అడుగును. ఎవరును పలుకకున్న ఆయన పిల్లల ముఖములను చూచును. ఒకని పెదవి కదలుచుండును. ఒకడు పుస్తకములో తల దాచుకొనును. వెనుక బెంచీలో ఒక చెయ్యి సగము లేచి దిగిపోవును. ఆ నిశ్శబ్దములో ఏమున్నదో ఆయనకు తెలియును. వీడియో ద్వారా నడచు ఆన్‌లైను తరగతిలో నిశ్శబ్దము అట్టిది కాదు. 2020 మార్చిలో పాఠశాలలు మూతపడిన తరువాత ఇట్టి తరగతులు నడిపిన ఉపాధ్యాయులలో పెక్కుమంది పిల్లలు పలుకుట లేదని విసుగు చెందిరి. పలికిన పిల్లలును ఉండిరి. వారి పలుకు చేరునప్పటికి పాఠము ముందునకు సాగిపోయినది.

ఆ పలుకు ఎట్లు ప్రయాణము చేయునో చూతము. ఒక బాలిక తన ఇంటి అరుగుపై కూర్చుండి సమాధానము చెప్పినదనుకొందము. ఆమె ఫోను ఆ ధ్వనిని సెకనుకు వేలకొలది పర్యాయములు కొలిచి అంకెలుగా మార్చును. ఆ అంకెలను సాధారణముగా 20 మిల్లీసెకనుల ముక్కలుగా కోసి, ఒక్కొక్క ముక్కకు వరుస సంఖ్య వేసి, పొట్లము కట్టి పంపును. మిల్లీసెకను అనగా సెకనులో వెయ్యవ వంతు. కావున ఒక్క సెకను మాట 50 పొట్లములగును. ఇవి సెల్ టవరు మీదుగా, గాజు తంతువుల గుండా సర్వరునకు చేరి, అచటినుండి ఉపాధ్యాయుని వద్దకు వచ్చును.

దూరమే ఆలస్యమునకు కారణమని తోచవచ్చును. కాని గాజు తంతువులో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోవును. 1,000 కిలోమీటర్లకు పట్టునది 5 మిల్లీసెకనులే. అసలు ఆలస్యము వేచియుండుటలో ఉన్నది. టవరు వద్ద రద్దీ ఉన్నచో పొట్లములు బారులు తీరును. ఒకటి ముందుగా, మరియొకటి వెనుకగా వచ్చును. మాట తెగకుండ వినిపించుటకై ఉపాధ్యాయుని యంత్రము వానిని కొంతసేపు నిలువ ఉంచి, వరుసలో వినిపించును. మరీ ఆలస్యమైన పొట్లమును పారవేయును. పంక్తిలో మజ్జిగ వడ్డించిన తరువాత వచ్చిన పప్పు ఎవరికి కావలెను? ఆ లోటును యంత్రము ఊహించి పూరించును. గొంతు ఒక్కొక్కప్పుడు రేకు డబ్బాలోనుండి వచ్చినట్లుండుటకు ఇదియే కారణము.

సంభాషణ సాఫీగా సాగుటకు ఒక వైపు ఆలస్యము 150 మిల్లీసెకనులు మించరాదని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘము సూచించినది. మన బాలిక విషయమున అది 250 అనుకొందము. ప్రశ్న పోవుటకు 250, సమాధానము వచ్చుటకు 250, వెరసి అర సెకను. ఇది స్వల్పమే కదా యని తోచును. కాని 2009లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో పది భాషలను పరిశీలింపగా, ప్రశ్నకును జవాబునకును నడుమ విరామము సగటున సెకనులో అయిదవ వంతు మాత్రమే అని తేలినది. చెవికి అంతటి కచ్చితమైన అలవాటున్నది. అర సెకను అదనమైనచో ఎదుటివారు సంకోచించుచున్నారనియో, తెలియదనియో మనస్సు తానే తీర్పు చెప్పును. దీనికితోడు బాలిక మైకు గుర్తును వెదకి నొక్కవలెను.

మైకు మూసి ఉంచుట ఎందుకు? ఉపాధ్యాయుని గొంతు ఆమె ఫోను స్పీకరులో పలికి, ఆ ఫోను మైకులోనే మరల దూరి, ప్రతిధ్వనియై తిరిగి వచ్చును. దానిని తీసివేయు ఏర్పాటున్నను, నలుబదిమంది ఇండ్లలోని కుక్కర్ల ఈలలను అది ఆపజాలదు.

అమెరికాకు చెందిన విద్యావేత్త మేరీ బడ్ రో మామూలు తరగతులను పరిశీలించి, ఉపాధ్యాయులు ప్రశ్న అడిగిన తరువాత సుమారు ఒక్క సెకను మాత్రమే ఆగుచున్నారని 1970 దశకములో వెల్లడించెను. మూడు సెకనులు ఆగినచో జవాబులు దీర్ఘములై, మౌనముగా ఉండు పిల్లలును పలికిరి. ఎదురుగా ఉన్నవారికే మూడు సెకనులు కావలసినప్పుడు, ఆన్‌లైనులో ఏడెనిమిదియైనను ఆగుట న్యాయము. గడియారము చూచి ఆగుట మేలు. మనస్సులో లెక్కించినచో ఎవరైనను తొందరపడుదురు. ప్రశ్న అడిగి, ఆగి, పిదప పేరు పిలిచి, మరల ఆగవలెను. మరియొక ఉపాయము: అందరును జవాబు టైపు చేసి, చెప్పువరకు పంపకుండ ఉండవలెను. అప్పుడు చురుకైన ఇద్దరి జవాబు తక్కినవారి ఆలోచనను తుంచివేయదు.

కెమెరా విషయమునను కొంత ఉదారత అవసరము. సెకనుకు 500 కిలోబిట్ల దృశ్యము గంటకు 225 మెగాబైట్లగును. 40 కిలోబిట్ల ధ్వని 18 మాత్రమే. సంకేతము బలహీనమైనచోట బొమ్మ మాటకు దారి అడ్డగించును. కెమెరా ఆపిన బాలుడు పాఠము వినుటకే ఆపి ఉండవచ్చును.

జవాబు చూపవలసినప్పుడు మాత్రము ఒక్క నిమిషము కెమెరా తెరచి పలక ఎత్తి చూపిన చాలును. పలకపై అక్షరములు తిరుగబడినవని పిల్లలు కంగారు పడుదురు. తన తెరపై తన బొమ్మను అద్దములో వలె చూపుట పెక్కు ఏర్పాట్లలో వాడుక. ఉపాధ్యాయునికి అవి సరిగనే కనబడును.