కారు సీటు తోలు – కాపాడుకొనే తీరు

తోలు శాస్త్రమనగానే తెలుగువారికి స్ఫురించే పేరు యలవర్తి నాయుడమ్మ (1922–1985) గారిది. తెనాలి ప్రాంతాన జన్మించి, మద్రాసులోని కేంద్ర తోలు పరిశోధన సంస్థకు సారథ్యం వహించిన ఆ మహనీయుని విద్య మన కారు సీట్లకూ అక్కరకు వస్తుంది.

తోలు కొల్లాజెన్ అనే మాంసకృత్తు పోగుల అల్లిక. పదును పెట్టేటప్పుడు వాడే క్రోమియం లవణాలు ఆ పోగులను కుళ్ళనీయవు, నూనెలు మెత్తదనాన్నిస్తాయి. నేటి కారు సీట్లలో అధికభాగానికి రంగు, దానిపై పాలీయురెథేన్ పూత ఉంటాయి. నీటిబొట్టు ఇంకక నిలిస్తే పూత ఉన్నట్లే. తొలి పగుళ్ళు సాధారణంగా ఈ పూతవే.

భూమధ్యరేఖకు చేరువనున్న సింగపూరులో ఎండ పూతను పెళుసు చేస్తుంది. సగటున 80 శాతం మించిన గాలితేమ బూజును పెంచుతుంది. అలవాటుకొద్దీ కొబ్బరినూనె రాయరాదు. అది పూతను దాటి ఇంకదు. దుమ్ము పట్టిస్తుంది, పగుళ్ళలో చేరి తరువాతి రంగును అంటనీయదు.

తోలుకై తయారైన ద్రావణంతో నెలకొకసారి మెత్తగా తుడిచి ఆరనివ్వాలి. పగుళ్ళుంటే శుభ్రపరచి, సన్నని ఉప్పుకాగితంతో తేలికగా రుద్ది, ఫిల్లర్ నింపి, రంగు, రక్షణపూత వేయించాలి. పోగులే తెగితే ఆ ముక్కను మార్పించక తప్పదు.

పదేళ్ళ సి.ఓ.ఇ.తో కొనే కారు ఇక్కడ చౌక కాదు. సీటు చిట్లాక చింతించుటకంటె, కారును నీడన నిలుపుట మేలు కదా!